విరేచనాల విషమే మలబద్ధకానికి మందైన కథ

కడుపులో మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం, రోజుల తరబడి సరిగా విరేచనం కాకపోవడం, అయినా ఇంకా మిగిలే ఉందన్న భావన. స్కానింగ్‌లో ఏమీ కనిపించదు. కొలనోస్కోపీ చేస్తే పేగు శుభ్రంగా ఉందంటారు. రక్తపరీక్షలన్నీ నార్మల్. చివరికి డాక్టరు చీటీ మీద ఐబీఎస్ అని రాస్తారు. మలబద్ధకమే ఎక్కువగా ఉంటే దాని పక్కన సి అనే అక్షరం చేరుస్తారు. తెలుగులో దీన్ని మలబద్ధకంతో కూడిన పేగు సున్నితత్వ వ్యాధి అనుకోవచ్చు. ఇంట్లోవాళ్లు మాత్రం రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి కదా, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావంటారు. నొప్పి పడుతున్న మనిషికి ఆ మాట మరో నొప్పి.

మామూలు విరేచనకారి మందులతో వీళ్లకు దక్కేది సగం సాయమే. మలం కదులుతుంది, నొప్పి మాత్రం చాలామందిలో అలాగే ఉండిపోతుంది. మలబద్ధకాన్నీ, నొప్పినీ తగ్గించగల మందుల్లో ఒకటి లినాక్లోటైడ్. 2012 ఆగస్టు 30న అమెరికా ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇచ్చింది. ఆ మందు పుట్టుక వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే మనం చేరేది మలబద్ధకం దగ్గరికి కాదు, పసిపిల్లల ప్రాణాలు తీసే నీళ్ల విరేచనాల దగ్గరికి. ఈ-కొలై అనే క్రిమి తయారుచేసే ఒక విషం దానికి మూలం. ఆ దారి మొదలైంది కూడా మన దేశంలోనే, కలకత్తాలో.

కుందేలు పేగులో దొరికిన జవాబు

1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో కలరా రోగులను పరీక్షించి, ఆ జబ్బుకు కారణమైన క్రిమిని నిర్ధారించాడు. ఆ క్రిమి ఏదో విషం విడుదల చేస్తోందని కూడా ఊహించాడు. అయితే ఆ విషాన్ని పట్టుకోవడం దశాబ్దాల పాటు ఎవరివల్లా కాలేదు. జంతువుల రక్తంలోకి, పొట్ట కుహరంలోకి క్రిములను ఎక్కించి చూసేవారు. కలరాలో కనిపించే నీళ్ల విరేచనాలు మాత్రం ఆ జంతువుల్లో వచ్చేవి కావు.

1915లో బెంగాల్ హుగ్లీ జిల్లాలో పుట్టిన శంభునాథ్ డే పెథాలజీ చదివిన వైద్యుడు. కలరా పేగులో జరిగే జబ్బు కాబట్టి విషాన్ని పేగులోపలే వెతకాలని ఆయన అనుకున్నారు. 1953లో డి.ఎన్. చటర్జీతో కలిసి ఒక పద్ధతి ప్రకటించారు. కుందేలుకు మత్తిచ్చి, చిన్నపేగులో కొంత భాగాన్ని రెండువైపులా దారంతో కట్టేసి, ఆ మధ్య భాగంలోకి కలరా క్రిములను ఎక్కించారు. మర్నాటికల్లా ఆ భాగం నీటితో ఉబ్బిపోయింది. క్రిములు ఎక్కించని భాగంలో ఏ మార్పూ లేదు. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేని ఆ పద్ధతి ఆ తర్వాత విరేచనాల పరిశోధనకు ప్రపంచమంతటా కొలమానమైంది. 1959లో డే ఇంకో మెట్టెక్కారు. క్రిములను పూర్తిగా వడగట్టేసిన ద్రవం ఒక్కటే ఎక్కించినా పేగు ఉబ్బుతుందని నేచర్ పత్రికలో చూపించారు. కాక్ ఊహించిన విషం ఉందని అలా రుజువైంది.

మన కథకు మాత్రం ఈ రెండింటి మధ్య వచ్చిన 1956 నాటి వ్యాసమే కీలకం. ఈ-కొలైలో చాలా రకాలు ఏ హానీ చేయకుండా మన పేగుల్లోనే బతుకుతాయి. విరేచనాలతో బాధపడుతున్నవారి నుంచి తీసిన కొన్ని రకాలను డే, ఆయన సహచరులు అదే కుందేలు పేగులోకి ఎక్కించారు. కలరా క్రిమి చేసిన పనే అవీ చేశాయి. అంటే నీళ్ల విరేచనాలు తెప్పించే విషం కలరా క్రిమి ఒక్కదాని సొత్తు కాదు.

ఇంత పని చేసిన మనిషికి బతికుండగా దేశంలో దక్కిన గౌరవం చాలా తక్కువ. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును నోబెల్ బహుమతికి ప్రతిపాదించారు. 1978లో నోబెల్ ఫౌండేషన్ కలరాపై జరిపిన సదస్సుకు ఆయన్ని పిలిచారు. 1985లో డే కన్నుమూశారు. కరెంట్ సైన్స్ పత్రిక ఆయన మీద ప్రత్యేక సంచిక తెచ్చింది 1990లో.

మరగబెట్టినా చెడని విషం

1960ల చివర్లో కలకత్తాలో పనిచేస్తున్న బ్రాడ్లీ శాక్, షెర్వుడ్ గోర్బాక్ వంటి అమెరికన్ వైద్యులకు ఒక చిక్కు ఎదురైంది. కొందరు రోగులకు అచ్చం కలరాలాగే విరేచనాలు అవుతున్నాయి, మలంలో మాత్రం కలరా క్రిమి దొరకడం లేదు. వెతికితే ఈ-కొలై దొరికింది. డే చెప్పినదాన్ని రోగుల మంచాల దగ్గర మళ్లీ రుజువు చేసిన ఆ పరిశోధన 1971లో అచ్చయింది.

అదే కాలంలో విలియమ్స్ స్మిత్, కార్ల్‌టన్ గైల్స్ పందిపిల్లల విరేచనాల మీద పనిచేస్తున్నారు. అక్కడి ఈ-కొలై ఒకటి కాదు, రెండు రకాల విషాలు తయారుచేస్తోందని 1970లో తేల్చారు. మొదటిది వేడికి పాడైపోతుంది. రెండోది మరగబెట్టినా చెక్కుచెదరదు. ఈ రెండోదే మన కథానాయకుడు.

మామూలుగా ప్రొటీన్లు వేడికి విచ్చిపోతాయి. ఇది ఎందుకు విచ్చిపోవడం లేదో 1980ల మొదట్లో దాని నిర్మాణం తెలిశాక అర్థమైంది. మనుషులకు జబ్బు తెచ్చే రకంలో ఇది కేవలం 19 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్. వాటిలో 6 సిస్టీన్‌లు. సిస్టీన్‌లో గంధకం ఉంటుంది. రెండేసి సిస్టీన్‌ల గంధకాలు ఒకదాన్నొకటి పట్టుకుని మొత్తం మూడు బంధాలు ఏర్పడతాయి. ఆ మూడు బంధాలూ పెప్టైడ్‌ను బిగించి ముడివేసేస్తాయి. అందుకే వేడి గానీ, జీర్ణాశయంలోని ఆమ్లం గానీ, ప్రొటీన్లను కోసే ఎంజైములు గానీ దాన్ని సులువుగా విప్పలేవు. ఈ గట్టిదనాన్ని గుర్తుపెట్టుకోండి. తర్వాత మందుగా పనికొచ్చింది ఇదే.

పేగు గోడలోని తూము

ఇంతకీ ఆ విషం పేగుకు ఏం చేస్తోంది? 1978లో రెండు బృందాలు దాదాపు ఒకేసారి జవాబు చెప్పాయి. ఒకటి మైఖేల్ ఫీల్డ్ బృందం. రెండోది వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యూస్, మురాద్, గెరంట్‌ల బృందం. ఈ ఫెరిద్ మురాద్‌కే తర్వాత 1998లో నైట్రిక్ ఆక్సైడ్ పరిశోధనకు నోబెల్ వచ్చింది. ఈ విషం పేగు కణాల్లో సైక్లిక్ జీఎంపీ అనే చిన్న అణువును విపరీతంగా పెంచుతోందని వాళ్లు చూపారు.

ఆ అణువు పెరిగితే రెండు పనులు జరుగుతాయి. కణంలోని సీఎఫ్‌టీఆర్ అనే మార్గం తెరుచుకుని క్లోరైడ్, బైకార్బొనేట్ పేగులోపలికి వచ్చేస్తాయి. అదే సమయంలో పేగు సోడియంను పీల్చుకోవడం తగ్గుతుంది. ఉప్పు ఎక్కడుంటే నీళ్లు అక్కడికే పోతాయి కాబట్టి పేగులో నీళ్లు చేరతాయి. చెరువు తూము దగ్గర మనిషి అవసరాన్ని బట్టి తలుపు ఎత్తి, మళ్లీ దించుతాడు. ఈ విషం తలుపు మొత్తం ఎత్తేసి అలాగే వదిలేస్తుంది. పసిబిడ్డ ఒంట్లోని నీరు గంటల్లోనే ప్రమాదకరంగా తగ్గిపోవడానికి కారణం అదే.

1990లో డేవిడ్ గార్బర్స్ బృందానికి చెందిన స్టెఫానీ షుల్జ్, ఆమె సహచరులు ఆ విషం అతుక్కునే గ్రాహకం ఏదో కనిపెట్టారు. పేగు కణాల మీద ఉండే ఆ గ్రాహకం పేరు గ్వానిలేట్ సైక్లేజ్-సి. దాని బయటి భాగం కబురు అందుకుంటుంది, లోపలి భాగం సైక్లిక్ జీఎంపీ తయారుచేస్తుంది.

అక్కడే ఒక సహజమైన ప్రశ్న పుట్టింది. క్రిమి విషం వచ్చి అతుక్కోవడం కోసం మన ఒళ్లు ఒక గ్రాహకాన్ని తయారుచేసి పెట్టుకోదు. అది మరి దేనికోసం ఉన్నట్టు?

మన పేగే తయారుచేసుకునే కబురు

సెయింట్ లూయీలోని మొన్‌శాంటో కంపెనీ మందుల విభాగంలో పనిచేస్తున్న మార్క్ కర్రీ ఈ ప్రశ్న పట్టుకున్నారు. పెద్దపేగు క్యాన్సర్ నుంచి వచ్చిన టీ84 అనే కణాలను ప్రయోగశాలలో పెంచి, ఎలుక శరీరంలోని రకరకాల అవయవాల సారాన్ని వాటిమీద పోసి చూశారు. ఏ సారం పోస్తే ఆ కణాల్లో సైక్లిక్ జీఎంపీ పెరుగుతుందో ఆ అవయవంలో తాము వెతికే పదార్థం ఉన్నట్టు. పేగు సారం పోసినప్పుడు పెరిగింది. దాన్ని శుద్ధిచేసి చూస్తే 15 అమైనో ఆమ్లాల పెప్టైడ్ దొరికింది. 1992లో దానికి గ్వానిలిన్ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాదే మిస్సోరీ విశ్వవిద్యాలయంలో లెనార్డ్ ఫోర్ట్ బృందం, కర్రీ బృందంతో కలిసి, ఒపోసమ్ అనే జంతువు మూత్రంలో దాని తోబుట్టువు యూరోగ్వానిలిన్‌ను కనిపెట్టింది.

ఈ రెండూ మన పేగులో పుట్టి, పేగులోపలికి విడుదలై, అదే గ్రాహకాన్ని తాకి, లోపలి ఉప్పూ నీళ్లూ ఎంత ఉండాలో చూసుకుంటాయి. మలం మెత్తగా ఉండి జారడానికి కావలసిన తడి ఒక పద్ధతి ప్రకారం వస్తున్నదే తప్ప దానంతటది కాదని అప్పుడు తెలిసింది. గ్వానిలిన్‌లో నాలుగే సిస్టీన్‌లు, రెండే గంధక బంధాలు. పని అయ్యాక ఎంజైములు దాన్ని విరిచేస్తాయి. కబురు అంతటితో ఆగిపోతుంది. క్రిమి విషం ఆ కబురునే అనుకరించింది, పైగా విరగకుండా మూడో బంధం తోడు చేసుకుంది.

ఒక్క అమైనో ఆమ్లం తేడా

1998లో అమెరికాలోని వైట్‌హెడ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు కొందరు మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జ్‌లో మైక్రోబియా అనే చిన్న సంస్థ పెట్టారు. 2002లో మార్క్ కర్రీ అక్కడ పరిశోధన విభాగానికి పెద్దగా చేరారు. 2008లో ఆ సంస్థే ఐరన్‌వుడ్ అని పేరు మార్చుకుంది. లినాక్లోటైడ్ రూపుదిద్దుకున్నది అక్కడే.

ఆలోచన సూటిగా ఉంది. విషం ఆ గ్రాహకాన్ని తాకి పేగులోకి నీళ్లు తెస్తోంది. మలబద్ధకం ఉన్నవారి పేగులో కొరవడింది ఆ నీళ్లే. కాబట్టి గ్రాహకాన్ని అలాగే తాకే పదార్థాన్ని కొలిచి, తగినంతే ఇవ్వగలిగితే మలం మెత్తబడుతుంది. శరీరం సొంత కబురైన గ్వానిలిన్‌ను మాత్రగా ఇస్తే పేగు చేరేలోపే విరిగిపోవచ్చు. విషానికి ఆ భయం లేదు.

లినాక్లోటైడ్‌లో 14 అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఈ-కొలై విషంలోని 19లో మొదటి 5 తీసేస్తే మిగిలేది కూడా 14. ఆ రెంటినీ పక్కపక్కన రాసి చూడండి. నాలుగో స్థానంలో విషానికి లూసీన్ ఉంది, మందుకు టైరోసీన్ ఉంది. మిగతా 13 స్థానాలూ ఒకటే. ఆరు సిస్టీన్‌లూ, మూడు గంధక బంధాలూ యథాతథం. ఇన్సులిన్‌ను మింగితే కడుపులో జీర్ణమైపోతుంది, అందుకే సూదితో ఇస్తారు. లినాక్లోటైడ్‌ను మాత్రం క్యాప్సూల్‌గా మింగొచ్చు. క్రిమికి బలమైన ఆ ముడే ఇక్కడ రోగికి వీలు కల్పించింది. ఇది రక్తంలోకి చేరేది అత్యల్పం. పేగులోపలే తన పని చేసి అక్కడే విరిగిపోతుంది.

తర్వాత వచ్చిన ప్లెకనటైడ్ కూడా ఈ దారిదే. మనిషి యూరోగ్వానిలిన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మార్చి దాన్ని తయారుచేశారు. దీర్ఘకాల మలబద్ధకానికి 2017లోనూ, మలబద్ధకంతో కూడిన ఐబీఎస్‌కు 2018లోనూ అనుమతి వచ్చింది.

నొప్పిని కూడా లెక్కలోకి తీసుకున్న పరీక్ష

లినాక్లోటైడ్ పరీక్షల నాటికి ఈ రోగుల పరిస్థితి ఆశాజనకంగా లేదు. మలబద్ధకంతో కూడిన ఐబీఎస్ ఉన్న స్త్రీల కోసం 2002లో అనుమతి పొందిన టెగాసెరాడ్‌ను 2007 మార్చిలో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. పరీక్షల సమాచారమంతా కలిపి చూస్తే మందు వాడిన 11,614 మందిలో 13 మందికి గుండెపోటు, పక్షవాతం వంటి ప్రమాదాలు వచ్చాయి. డమ్మీ మాత్ర వాడిన 7,031 మందిలో ఒక్కరికే వచ్చాయి. 2008లో లుబిప్రోస్టోన్ స్త్రీల కోసం అనుమతి పొందింది. ఇంకేదైనా రావాలని రోగులు ఎదురుచూస్తున్న కాలమది.

లినాక్లోటైడ్ మీద 2 పెద్ద పరీక్షలు జరిగాయి. ఒక్కొక్కదానిలో సుమారు 800 మంది, వారిలో అత్యధికులు స్త్రీలు. వాటి ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. ఈ పరీక్షల గెలుపు కొలత నాకు ఎంతో నచ్చింది. మందు పనిచేసిందని చెప్పాలంటే ఒకే వారంలో రెండూ జరగాలి. నొప్పి కనీసం 30 శాతం తగ్గాలి, కడుపు పూర్తిగా ఖాళీ అయిందనిపించే విరేచనాలు వారానికి కనీసం ఒకటి పెరగాలి. 12 వారాల్లో కనీసం 6 వారాలు అలా జరగాలి. నొప్పి తగ్గకుండా మలం కదిలితే చాలదని రోగులు చెబుతున్న మాటను ఆ కొలత లెక్కలోకి తీసుకుంది.

రోజుకు 290 మైక్రోగ్రాములు తీసుకున్నవారిలో రెండు పరీక్షల్లోనూ సుమారు 34 శాతం మంది ఆ గీత దాటారు. డమ్మీ మాత్ర వాడినవారిలో ఒక పరీక్షలో 21 శాతం, రెండోదానిలో 14 శాతం దాటారు. ఆ కఠినమైన కొలత ప్రకారం ముగ్గురిలో ఒకరికి గట్టి మేలు జరిగిందన్నమాట, అందరికీ కాదు. ఈ సంగతి రోగికి ముందే చెప్పడం డాక్టర్ల ధర్మం. ఒక పరీక్షలో 12 వారాల తర్వాత కొందరికి మందు ఆపి డమ్మీ ఇచ్చారు. వాళ్లకు లక్షణాలు తిరిగి వచ్చాయి, మొదటికన్నా ఎక్కువ మాత్రం కాలేదు.

నీళ్లు తెచ్చే మందుకు నొప్పి ఎలా తగ్గుతోంది? పేగు కణంలో తయారైన సైక్లిక్ జీఎంపీ కొంత కణం వెనకవైపు నుంచి బయటికి వచ్చి, అక్కడున్న నొప్పి నరాల చురుకును తగ్గిస్తుందని ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో స్టూవర్ట్ బ్రయర్లీ బృందం ఎలుకల్లో చూపింది. 2013లో వచ్చిన ఆ పరిశోధన నాకు ఈ కథలో చాలా విలువైన మలుపు. రిపోర్టులకు అందని నొప్పికి ఒక నరం, ఒక అణువు, వాటి మధ్య ఒక దారి ఉన్నాయని అది చూపించింది.

పుట్టుకతోనే తెరుచుకున్న తూము

ఈ గ్రాహకం మనుషుల్లో నిజంగా అంత ముఖ్యమా అన్న సందేహాన్ని కొన్ని కుటుంబాలు తీర్చాయి. నార్వేలో ఒక కుటుంబంలో 32 మందికి చిన్నతనం నుంచీ విరేచనాలు. 2012లో అచ్చయిన పరిశోధనలో వారి జన్యువుల్ని పరిశీలిస్తే ఈ గ్రాహకపు జన్యువులోనే మార్పు కనిపించింది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఏళ్ల తరబడి ఇదే గ్రాహకాన్ని అధ్యయనం చేసిన సంధ్యా విశ్వేశ్వరయ్య బృందం ఆ పరిశోధనలో భాగస్వామి. మార్పు చెందిన గ్రాహకం మామూలుకన్నా ఎక్కువ సైక్లిక్ జీఎంపీ తయారుచేస్తోందని తేలింది. అదే ఏడాది కొన్ని బెడోయిన్ కుటుంబాల కథ ఇంకో పరిశోధనలో వచ్చింది. అక్కడ గ్రాహకం పనిచేయడం లేదు. ఆ పిల్లలు పుట్టినప్పుడే మొదటి మలం గట్టిపడి పేగు మూసుకుపోయింది. ఒకే గ్రాహకం, పని ఎక్కువైతే విరేచనాలు, పని ఆగితే దిగ్బంధం. మందుకు అనుమతి వచ్చిన ఏడాదే ఈ రెండు సంగతులూ బయటపడ్డాయి.

వాడేవాళ్లు తెలుసుకోవలసినవి

లినాక్లోటైడ్ డాక్టరు చీటీ మీద వాడాల్సిన మందు. పరగడుపున, మొదటి తిండికి కనీసం అరగంట ముందు వేసుకోవాలి. నూనె, నెయ్యి ఎక్కువగా ఉన్న టిఫిన్‌తో కలిస్తే విరేచనాలు ఎక్కువవుతాయి. దీని ప్రధానమైన ఇబ్బంది కూడా దాని పుట్టుకను పట్టే వచ్చింది. అమెరికాలోని లేబుల్ ప్రకారం ఈ మందు వాడిన ఐబీఎస్ రోగుల్లో సుమారు 20 శాతం మందికి నీళ్ల విరేచనాలు వచ్చాయి, డమ్మీ మాత్రతో 3 శాతం మందికి వచ్చాయి. విరేచనాలు తీవ్రమైతే మందు ఆపి డాక్టరును కలవాలి. 2 ఏళ్ల లోపు పిల్లలకు ఇది ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకూడదు. వాళ్ల పేగుల్లో ఈ గ్రాహకాలు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది, ఒంట్లో నీరు ప్రమాదకరంగా తగ్గిపోవచ్చు.

మందు కన్నా ముందు చేయాల్సినవి కూడా ఉన్నాయి. ఇసబ్గోల్ వంటి నీటిలో కరిగే పీచును కొద్దికొద్దిగా పెంచుతూ, తగినన్ని నీళ్లతో తీసుకుంటే చాలామందికి మేలు చేస్తుంది. గోధుమ తవుడు వంటి కరగని పీచు కొందరిలో ఉబ్బరాన్ని పెంచుతుంది. ఉల్లి, వెల్లుల్లి, కొన్ని పప్పులు పేగులో పులిసి గాలి పుట్టిస్తాయి. ఏది పడదో డైటీషియన్ సాయంతో ఒక్కొక్కటే ఆపి, మళ్లీ మొదలుపెట్టి తెలుసుకోవాలి. అన్నీ ఒకేసారి మానేసి ఒంటిని నీరసపరచకూడదు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, 50 దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం, కుటుంబంలో పెద్దపేగు క్యాన్సర్ వంటివి ఉంటే దాన్ని ఐబీఎస్ అని సర్దుకోకుండా వెంటనే పరీక్షలు చేయించుకోవాలి.

డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు మోషన్ సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోకండి. నొప్పి ఎక్కడ, వారానికి ఎన్ని రోజులు, విరేచనం అయ్యాక తగ్గుతోందా పెరుగుతోందా అన్నవీ చెప్పండి. ఐబీఎస్‌ను గుర్తించే ప్రమాణాలు నిలబడింది ఆ జవాబుల మీదే, మందు ఎంపిక కూడా వాటిని బట్టే ఉంటుంది. సిగ్గుపడి దాచుకునే సంగతి ఇది కాదు.

ఇక్కడ చెప్పుకున్న పరిశోధకుల్లో చాలామంది మలబద్ధకానికి మందు వెతుకుతూ బయల్దేరినవారు కారు. ఒకరు కలరా విషాన్ని, ఒకరు పందిపిల్లల విరేచనాలను, ఒకరు గ్రాహకం ఉనికికి కారణాన్ని వెతికారు. ఎవరి ప్రశ్నకు వాళ్లు నిజాయితీగా జవాబు రాబట్టారు కాబట్టే తర్వాతివారికి నిలబడటానికి చోటు దొరికింది. మన వైద్య కళాశాలల్లో పెథాలజీ, మైక్రోబయాలజీ విభాగాల్లో అలాంటి ప్రశ్నలు అడిగేవారికి తీరిక, డబ్బు, గౌరవం దక్కాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఒక జబ్బు మీద అడిగిన ప్రశ్న ఏ రోగికి పనికొస్తుందో ముందే చెప్పడం ఎవరి తరమూ కాదు. ఈ ఒక్క మందు విషయంలో అది తేలడానికి 1953 నుంచి 2012 దాకా 59 ఏళ్లు పట్టింది.